నాలుగు సేర్లకు పిడికెడు తక్కువ

తూనికలు కొలతల శాఖలో ముప్పై ఆరేళ్లు ఇన్‌స్పెక్టరుగా చేసి, పింఛను పుచ్చుకుని, ఊరికే కూర్చోలేక డిటెక్టివ్ అయిన లేవి కళ్లుగప్పి ఒక్క గింజ కూడా దాటిపోలేదు. ఇది నేను ఒట్టేసి చెబుతున్న మాట. ఒకసారి ఆదోని రోడ్డు మీద పరుగెత్తే లారీని చూసి, పైనున్న చింతపండు బస్తా నలభై తొమ్మిది కిలోల ఆరు వందల గ్రాములని చెప్పాడు. ఆపి తూస్తే రెండు గ్రాములు ఎక్కువొచ్చింది. ఆ రెండు గ్రాములూ బస్తా మీద వాలిన తూనీగవి. నమ్మకపోతే మీ ఇష్టం, తూనీగను అడగండి.

అలాంటి మనిషి ఆ మంగళవారం పదకొండుంపావుకు కడపలో శివలీల టిఫిన్ సెంటర్ మెట్లెక్కేసరికి కళ్లు సగం మూసుకునే ఉన్నాయి. కర్నూల్లో ఐదున్నరకు బస్సెక్కినప్పుడు పట్టిన కునుకు అతడి పక్క సీట్లోనే కూర్చుని వచ్చి, అతడితోపాటే దిగింది. లేవి దాన్ని తరిమేసే రకం కాదు. కళ్లు పూర్తిగా తెరిస్తే లోకం మరీ గట్టిగా కనిపిస్తుందనీ, సగం మూస్తేనే దాని అతుకులు తెలుస్తాయనీ అతడి నమ్మకం.

కేసు కారం దోశది. నవ్వకండి. దోశ మీద ఎర్రకారం పూసి, పప్పుల పొడి చల్లి, అంచులు కరకరలాడేదాకా కాల్చే ఆ దోశ తమదేనని కర్నూలు వాళ్లంటారు, తమదేనని కడప వాళ్లంటారు. ఈ రెండు ఊళ్ల మధ్య బస్సులో ఎవరైనా ఆ మాటెత్తితే కండక్టరు టికెట్లు కొట్టడం మానేసి తగువులోకి దిగుతాడు. ఇప్పుడు సీమ రుచుల సంఘం వాళ్లు రెండు ఊళ్లలోనూ తిండి వీధులు తెరుస్తున్నారు. ఒక్కో తిండికీ ఊరికొక కొట్టు. ఆ తిండి ఏ ఇంట పుట్టిందని రుజువైతే, రెండు కొట్లూ ఆ ఇంటికే. కారం దోశకు మూడు దరఖాస్తులు పడ్డాయి. మా జేజి, అంటే నాయనమ్మ, మల్లక్క కనిపెట్టిందని కడప శివలీల పెట్టింది ఒకటి. మా అవ్వ విశ్వాసమ్మ కనిపెట్టిందని కర్నూలు రెజీనా పెట్టింది ఒకటి. మూడోది ఎవరిదని లేవి అడగలేదు. రుజువులకు గడువు ఆ సాయంత్రం నాలుగు గంటలు.

రెజీనా అతడి దగ్గరకు వచ్చినప్పుడు ఏడవలేదు. "రోడ్డు ఎడల్పు చేసినప్పుడు నా బండి చోటు పోయింది సార్," అంది. "మూడు నెల్లాయె, బండి ఇంటి ముందర బోర్లా పడుండాది. ఈ కొట్టు రాకపోతే మా కోసిగి వాళ్లతో సుగ్గికి పోవాల్సిందే, గుంటూరు మిరప చేలకు కూలికి. ఆ సుగ్గి మాన్పియ్యడానికే మా అవ్వ నాకు దోశ పొయ్యడం నేర్పింది." అంతే చెప్పి, ఇక అతడి ముఖం వైపే చూస్తూ కూర్చుంది. లేవి ఆ చూపును బస్సులో కూడా మోసుకొచ్చాడు.

శివలీల పెనం ముందు నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి. చేతిలో అట్లకాడ ఆగడం లేదు.

"ఏమ్మా, ఈ దోశ ఎప్పటిది?" అన్నాడు లేవి.

"ఇప్పుడే పోసినాను. ఏడు నిమిషాలు."

"అది కాదు తల్లీ. పుట్టింది ఎప్పుడని."

ఆమె తలెత్తి చూసింది. "ఓహో, కర్నూలాయనవా! ఆ పిల్ల పంపించిందా? కూర్చో పెద్దాయనా. ముందు తిను, మళ్లా అడుగు. తినకుండా ప్రశ్నలేసేటోళ్లకు నేను జవాబు చెప్పను."

దోశ వచ్చింది. కారం పెనం వేడికి ఇంకా సన్నగా బుసకొడుతోంది. మొదటి ముక్క నాలుక మీద పెట్టుకోగానే లేవికి చెవుల వెనక ఏదో తలుపు తెరుచుకున్నట్టయింది. అటువైపు ఎండలో ఆరబోసిన మిరపకాయలు ఎర్రటి చెరువులా కనుచూపుమేర పరుచుకుని ఉన్నాయి. వాటి మీద ఎవరో ఇద్దరు ఆడవాళ్లు నడిచిపోతున్నారు. ముఖాలు కనిపించలేదు. మంచినీళ్లు తాగేసరికి తలుపు మూసుకుంది.

"రుబ్బేదేంట్లో?"

"గ్రైండర్లో."

"మీ జేజి కాలంలో?"

"రోట్లో. అదో, ఆ మూల ఉండాది."

"మీ జేజి చదువుకున్నదా?"

"యాడ చదువు! ఏల్ముద్ర."

"మరి ఆ గోడ మీద అద్దంలో పెట్టిన కాగితం ఎవరి రాత? మల్లక్క కారం దోశ చేసే విధమని కింద బోర్డు పెట్టినావు కదా."

అట్లకాడ ఒక్క క్షణం ఆగింది. "మా నాయనది. జేజి చెప్తాంటే రాసినాడు. అరవై ఆరు కరువులో."

"అప్పుడు మీ నాయనకెన్నేళ్లు?"

"ఎనిమిది."

"ఎనిమిదేళ్ల పిల్లోడి రాత ఇంత పొందిగ్గా ఉండాదా?"

"పిల్లోళ్లు పొందిగ్గా రాయకూడదని చట్టముందా, లేవీ సారూ?"

ఆ గొంతు మూల బెంచీ నుంచి వచ్చింది. లేవి తిరగకుండానే గుర్తుపట్టాడు. తెల్లజుట్టు, బిగించి కట్టిన నేత చీర, మణికట్టుకు మగవాళ్ల గడియారం. రిటైరైన ఎస్సై అరుణజ్యోతి. పద్దెనిమిదేళ్ల కిందట ఒక దొంగ తరాజు కేసులో లేవి పట్టుకున్న మనిషిని ఆమె వదిలేసింది. ఆమె పట్టుకున్నవాడే అసలు దొంగని తర్వాత తేలింది. ఆ సంగతి లేవి మరిచిపోయాడు. ఆమె మరవనివ్వదు.

"అరుణమ్మా! నువ్వీడేం చేస్తాండావు?"

"శివలీల తరపున ఉన్నాను. నువ్వు ఆ పిల్ల తరపున. ఈసారి కూడా ఎవరిని పట్టుకోవాలో నేనే చూపించాలా?"

"మేడమ్ తనంతట తానే వచ్చింది సార్," అంది శివలీల ప్రేమగా. "రెండు వారాలాయె. పొద్దున్నే పదికి వస్తాది, దోశ తింటాది, మూడింటికి పోతాది. నా కష్టం చూడలేక సాయం చేస్తాండాది. ఒక్క పైసా తీసుకోల్యా."

"కష్టం చూడలేనోళ్లు పోలీసుల్లో ఎట్లా చేరినారమ్మా?" అన్నాడు లేవి.

"కునుకు తీసేటోళ్లు డిటెక్టివులు ఎట్లా అయినారో అట్లే. పన్నెండు కావస్తోంది సారూ. ఇంకా నాలుగు గంటలు. నిద్రలేచి పని చూసుకో."

లేవి పని చూసుకున్నాడు. గోడ మీది కాగితాన్ని మూడుసార్లు చదివాడు. పాత నోటుపుస్తకపు పేజీ, నీలి సిరా, గుండ్రటి అక్షరాలు. నాలుగు సేర్ల బియ్యం కొలవాలి. అందులో పిడికెడు పక్కకు తీయాలి. సేరు ఉద్దిబేడలు, అంటే మినప్పప్పు, చారెడు మెంతులు కలిపి నానెయ్యాలి. కారానికి ఎండుమిరపకాయలు, ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, కల్లుప్పు. రోట్లో నీళ్లు తగలకుండా నూరాలి.

మూడుసార్లూ అతడి చూపు ఆ పేజీ పైఅంచు దగ్గరే తచ్చాడింది. జేబులోంచి టేపు తీసి అద్దం మీద ఆనించాడు.

"అద్దం ముట్టొద్దు," అంది అరుణజ్యోతి.

"అద్దాన్నే ముడతాండా, కాగితాన్ని కాదు. శివలీలమ్మా, నోటుపుస్తకం పేజీకి పైన రెండు వేళ్ల ఖాళీ ఉంటుంది కదా, గీతలు లేకుండా? దీనికి లేదు. మొదటి గీత నుంచే మొదలైంది. అంచు చూడు, మెట్లు మెట్లుగా ఉండాది. దారాలు కత్తిరించే చిన్న కత్తెరతో ఎవరో కోసినారు."

శివలీల కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఫ్రేములో పట్టలేదేమో సార్. నాకు తెల్దు."

ఆమెకు నిజంగానే తెలియదని లేవి తేల్చుకున్నాడు. అబద్ధమాడేవాళ్లు కారణం రెండు చెబుతారు. ఆమె ఒకటే చెప్పి, అది కూడా తెలియదంది.

మధ్యాహ్నం రద్దీ తగ్గింది. రెండుం పది. మర్నాటి పిండికి శివలీల బియ్యం కొలవడం మొదలుపెట్టింది. లేవి గోడకు జారగిలబడి చూస్తున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. సేరు నిండుతున్నప్పుడు గింజల చప్పుడు దూరంగా వాన పడుతున్నట్టుంది. నాలుగో సేరు గంగాళంలో పోశాక ఆమె చెయ్యి ముంచి పిడికెడు తీసి, పక్కనున్న సంచిలో పోసేసింది. ఆ పిడికిలి లేవి కంటికి కనిపించింది. మనసుకు కనిపించలేదు. అతడి లోపల ఇంకొక పిడికిలి లేచింది. అమ్మది. పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం కొలిచి, పెదవులు కదుపుతూ ఒక పిడికెడు తీసి గూట్లో కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ గుడికి, అంటే చర్చికి, పోయేది. కుండ బోర్లించినప్పుడు అందరిళ్ల బియ్యం ఒకే రాశిలో కలిసిపోయేవి. ఎవరివి ఏవో దేవుడు కూడా పోల్చుకోలేడని చిన్నప్పుడు లేవి అనుకునేవాడు. ఆ రాశి ఇప్పుడు పెరిగి పెరిగి కొండంత అయింది. దాని నీడలో అతడు మెత్తగా కూర్చున్నాడు.

"లేవీ సారూ!"

కొండ కరిగిపోయింది. గోడ గడియారంలో రెండూ నలభై. అరుణజ్యోతి నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వుతోంది.

"ముప్పై ఆరేళ్లు కొలతలు చూసినావు. నీ కళ్లెదుటే నాలుగు సేర్లు కొలిచి పిడికెడు తగ్గించినారు. నోరు మెదపలేదే? ఇదే కిరాణా కొట్లో అయితే సీలు వేసేటోడివి కదప్పా!"

శివలీల కూడా నవ్వింది. "అది తగ్గించడం కాదు మేడమ్. అదే మా దోశ గుట్టు. పిడికెడు తీస్తేనే కరకరలాడతాది. మా నాయన అట్లే చేస్తాండె, నేను అట్లే చేస్తాండా."

ఇప్పుడు మీరు నా ఒట్టు సంగతి అడుగుతారు. అడగండి. ఒట్టు తీసి గట్టున పెట్టాను. గింజ కాదు, పిడికెడు గింజలు లేవి ముక్కు కింది నుంచి పోయాయి. కాగితంలో మూడుసార్లు చదివాడు, ఎదురుగా ఒకసారి చూశాడు, అయినా పోయాయి. అతడిదంతా తప్పు కాదు. పుట్టినప్పటి నుంచి ఏ వంటింట్లో చూసినా పిడికెడు తీయడమే చూసినవాడికి, తీయకపోతే వింతగానీ తీస్తే వింతేముంది? మనింటి గడప ఎత్తు మన కాలికి తెలుస్తుంది, కంటికి తెలియదు.

లేవి నెమ్మదిగా లేచి నిలబడ్డాడు.

"శివలీలమ్మా, ఆ పిడికెడు యాడ పోసినావు?"

"సంచిలో. బియ్యం సంచిలోనే."

"తీసిన సంచిలోనే మళ్లా పోస్తే తీసిందెందుకు?"

ఆమె సంచి వైపు చూసింది.

"పిడికెడు తగ్గితే దోశ కరకరలాడదమ్మా. అది దేవుని పిడికెడు. మా కిరస్తానం ఇండ్లల్లో ఆడోళ్లు ఎసట్లో పొయ్యకముందే తీసి పక్కన పెడతారు. వారానికోసారి గుడికిస్తారు. కొలిచిన చేతికి అది అలవాటు. చెప్పేటప్పుడు కూడా చెప్పేస్తారు, రాసేటప్పుడు కూడా రాసేస్తారు. ఇది రాసినామెకు అది దోశకు సంబంధం లేని పని అని కూడా తోచలేదు. నాకు తోచనట్టే."

"ఆగు," అంది అరుణజ్యోతి. "శివలీల వాళ్ల మాదిరి నేతోళ్ల ఇండ్లల్లో శ్రీశైలం మల్లన్నకు ముడుపు తియ్యరా? మీకొక్కరికే దేవుడున్నాడా?"

"ఎందుకు తియ్యరు? తీస్తారు. ముడుపు గుడ్డలో కడతారు. దేవునికని తీసింది తిరిగి ఇంటి సంచిలో పోసే ఆడమనిషి ఏ మతంలోనూ లేదు అరుణమ్మా. ఎవరి కోసం తీస్తాండారో తెలియనోళ్లే పోస్తారు. అంటే ఈ పద్ధతి ఈ ఇంట్లో పుట్టలేదు. బయటి నుంచి వచ్చింది."

వెనక గది గుమ్మంలో ఏదో కిందపడింది. తెల్లగడ్డలు ఒలుస్తూ కూర్చున్న రామప్ప, శివలీల తండ్రి, చేట వదిలేసి నిలబడ్డాడు. అరవై ఆరేళ్ల మనిషి. గాలికి తెల్లగడ్డల పొట్టు అతడి కాళ్ల చుట్టూ తెల్లని రెక్కల్లా తిరుగుతోంది.

"కోసిగి ఆయమ్మ," అన్నాడు. "విశ్వాసమ్మ."

లేవి అతడి వైపు తిరిగాడు.

"కరువులో బండలు కొట్టేటోళ్లతో వచ్చింది. మా మగ్గం కొట్టంలోనే ఎనిమిది నెలలుండె. అప్పుడు మా చెల్లెలు పుట్టి అమ్మ మంచానపడి ఉండె. ఆయమ్మే మాకు కూడొండి పెట్టింది. ఆ కాగితం రాసిందీ ఆయమ్మే. పిండి ఆయమ్మది సార్. ఆ పిండి ఎట్లా కలపాలో మా అమ్మకు తెల్దు. కారం మాత్రం అమ్మది. మంచంలో నుంచే నూరించేది, ఇంకో పోటెయ్యి, ఇంకో పోటెయ్యి అని. ఒకనాడు నాకు జొరం. సంగటి తిననని ఏడిస్తి. ఆ కారం తెచ్చి ఆ దోశ మీద పూసినారు. ఎవురు పూసినారో, ఎవురు పూయమన్నారో నాకు గుర్తు లేదు. ఎన్నిసార్లు కండ్లు మూసుకొని చూసినా రెండు చేతులే కనపడతాయి. నాలిక మండింది గుర్తుండాది. ఇద్దరూ పడీపడీ నవ్వింది గుర్తుండాది."

లేవికి మిరపకాయల మీద నడిచిపోతున్న ఇద్దరు ఆడవాళ్లు మళ్లీ కనిపించారు. ఈసారి నవ్వు వినిపించింది.

"పైన కోసిందేంది రామప్పా?"

రామప్ప దేవుని పటాల వెనక నుంచి ఒక నాడె తీశాడు. మగ్గం మీద దారాన్ని అటూ ఇటూ మోసుకుపోయే కొయ్య అది. లోపల దారపు కండె ఉండాల్సిన చోట, కండెలాగే చుట్టిన కాగితపు ముక్క ఉంది. "ఫ్రేము కట్టించేటప్పుడు నేనే కోసినా. అమ్మ పేరొక్కటే ఉండాలని. కోసినాను గానీ పారేయలేకపోయినా. దారం తెగితే ముడి వేస్తాం గానీ పారేస్తామా?"

లేవి విప్పాడు. అవే గుండ్రటి అక్షరాలు. "దేవునికి స్తోత్రము. కారం మల్లక్కది. పిండి విశ్వాసమ్మది. ఇద్దరము కలిసి చేసినది."

శివలీల తండ్రి వైపు తిరిగింది. "నలభై ఏండ్లు నాకు అబద్ధం నూరిపోస్తివా నాయనా? ఆ పిల్లను ఊరంతా దొంగదన్నానే! కర్నూలుకు ఫోన్ చేసి మరీ అన్నానే!"

రామప్ప కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు. అరుణజ్యోతి వచ్చి అతడి భుజం పట్టుకుంది. "రా రామప్పా, బయట గాలికి కూర్చుందువు," అంటూ మెల్లగా నడిపించుకుపోయింది. పోలీసులకు కూడా మనసుంటుందని లేవి అనుకున్నాడు. మూడుం పది.

శివలీల మజ్జిగ ఇచ్చింది. లేవి ఒక గుక్క తాగి కళ్లు మూశాడు. తెమిలిపోయిన కేసు లోపల ఏదో చిన్న గింజ పంటికింద రాయిలా తగులుతోంది. కునుకు దగ్గరకు వచ్చి కూర్చుంది. రెండు వారాలు, అంది కునుకు. పద్నాలుగు రోజులు. రోజూ పది నుంచి మూడు దాకా. రోజూ రెండుం పదికి బియ్యం కొలత. పద్నాలుగుసార్లు ఆ పిడికిలి చూసింది. పద్నాలుగుసార్లు మూసుకున్న నోరు, నువ్వొచ్చిన రోజే ఎందుకు తెరిచింది? అరుణజ్యోతి నోరు జారే మనిషా?

అతడు కళ్లు తెరిచాడు, ఈసారి పూర్తిగా. ఫోన్ తీసి రెజీనాకు చేశాడు. ఆమె ముందు రాత్రే కడపకు వచ్చి, పొద్దుటి నుంచి ఇక్కడి సంఘం ఆఫీసు వరండాలోనే కూర్చుని ఉంది.

"సార్! ఏమాయె సార్?"

"అది తర్వాత. ఆ మూడో దరఖాస్తు ఎవరిది పాపా?"

"ముప్పై హోటళ్లుండే కంపెనీ అంట సార్. పొద్దున ఎనిమిదిన్నరకు తెల్లకారులో ఒక మేడమ్ వచ్చి వాళ్ల కాగితాలిచ్చి పాయె."

"ఎట్లుంటుంది?"

"తెల్లెంట్రుకలు. చేతికి మగోళ్ల గడియారం."

"మనదీ శివలీలదీ రెండూ రుజువు కాకపోతే?"

"మూడోదానికే సార్. గోడ మీద అంటించినారు. ఎందుకు సార్, రుజువు కాదా?"

లేవి ఫోన్ పెట్టేశాడు. అతడి పిడికెడుతో శివలీల దరఖాస్తు పడిపోయింది. రామప్ప సాక్ష్యంతో రెజీనా దరఖాస్తు పడిపోతుంది. రెండు గోడలూ అతడి చేతనే కూల్పించి, ఆమె మధ్యలోంచి నడిచిపోతోంది. పద్దెనిమిదేళ్ల కిందట కూడా ఇంతే. అతడు ఎవరిని పట్టుకోవాలో ఆమే చూపించింది.

"శివలీలమ్మా, మీ నాయన యాడ?" అంటూ బయటికి పరుగెత్తాడు.

అరుగు మీద ఎవరూ లేరు. రామప్ప చెప్పులు మాత్రం ఉన్నాయి. ఎదుటి బంకులో కూర్చున్నాయన, "ఇప్పుడే ఐదు నిమిషాలాయె. మేడమ్ తెల్లకారులో ఎక్కించుకోని పాయె. పెద్దాయన ఏడుస్తాండె," అన్నాడు.

మూడూ ముప్పై ఐదు.

"సంఘం ఆఫీసులో ఆయన చేత రాయించుకుంటుంది," అన్నాడు లేవి. "కాగితం నేనే కోసినా, మా రుజువు దొంగ రుజువు అని. విశ్వాసమ్మ ఒక్కతే చేయలేదని కూడా ఆయన నోటే చెప్పిస్తుంది. ఇద్దరూ పోతారు. మీరు తెరవబోయే కొట్లో రేపు ఆ కంపెనీ డబ్బాల్లో నింపిన కారం పూస్తుంది."

శివలీల గ్యాసు కట్టేసింది. పెనం మీద సగం కాలిన మూడు దోశలు అలాగే ఉన్నాయి. "యోవ్, మా దోశలు!" అని ఎవరో అరిచారు. "మీరే తిరగేసుకోండప్పా!" అంటూ ఆమె అట్లకాడ అరిచినాయన చేతిలో పెట్టి మెట్లు దిగింది.

ఆటో ఎక్కారు. దారంతా ఎండ తెల్లగా, అలలు అలలుగా లేస్తోంది. ఆటో నేల మీద పోవడం లేదని, ఆ అలల మీద తేలిపోతోందని లేవికి అనిపించింది. జేబులో చీటీ ఉంది.

"ఇద్దరూ ఒకే దరఖాస్తు పెట్టండి," అన్నాడు అతడు. "రెండు పేర్లూ రాయండి. ఇల్లు ఒకటే కావాలని రాసుకున్నారు సంఘం వాళ్లు. పేరు ఒకటే కావాలని రాసుకోలేదు. ఆ మగ్గం కొట్టం ఒక ఇల్లే కదా."

శివలీల అతడి వైపు తిరిగింది. "ఎవురి పేరు ముందు?"

"చీటీలో ఎట్లుంటే అట్లే."

"ఆ పిల్ల ఒప్పుకుంటాదా? నేనన్న మాటలు శానా ఉండాయి సార్."

మూడూ యాభై ఆరుకు సంఘం ఆఫీసు మెట్లు. వరండాలో రెజీనా లేచి నిలబడింది. ఇద్దరూ ఒకరినొకరు అంతకుముందు చూసింది లేదు, ఫోన్‌లో తిట్టుకోవడమే.

"మీ అవ్వ మా నాయనకు జొరమొస్తే దోశ పోసిందంట," అంది శివలీల. ఆయాసపడుతూనే చెయ్యి చాపింది.

రెజీనా ఆ చేతిని చూసింది. దాని మీద ఎర్రకారం ఎండి ఉంది. పట్టుకుంది.

లోపల బల్ల ముందు రామప్ప వట్టికాళ్లతో కూర్చుని ఉన్నాడు. అరుణజ్యోతి అతడి వెనక నిలబడి, కాగితం మీద ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపిస్తోంది. అతడి పెన్ను కాగితాన్ని తాకింది.

"నాయనా!" అంది శివలీల.

రామప్ప తలెత్తాడు. తలుపులో ఇద్దరు ఆడవాళ్లు పక్కపక్కన, వెనక నుంచి ఎండ పడి ముఖాలు కనిపించకుండా. అతడి చేతిలోంచి పెన్ను జారింది. అరుణజ్యోతి గడియారం చూసుకుంది. గడువుకు ఇంకా మూడు నిమిషాలు మిగిలున్నాయి. ఆమెకూ అంతే మిగిలున్నాయి, ఆమె ఊరికే కూర్చునే మనిషి కాదు.

నేను చెప్పిందంతా నిజమే, ఒక్కటి తప్ప. ఆటోలో రెండు పేర్లూ రాయండన్నది లేవి అని రాశాను. అతడు అనలేదు. రెజీనా చూపు ఇంకా మోస్తున్నాడు కదా, జేబులోంచి చీటీ తీసి, "పిండి విశ్వాసమ్మది" అన్న ముక్క ఒక్కటే కనిపించేలా ఆ చీటీని ఎక్కడ మడవాలా అని బొటనవేలితో కొలుస్తున్నాడు. శివలీల అది చూసి చెయ్యి చాపింది.

"ఆ కాగితం నాకియ్ సార్," అంది. "మడత పడతాంది. ఇద్దరి పేర్లూ సరిగ్గా కనపడాల."

ఇచ్చేశాడు.